వంకరపోయిన జాడీ ముందు నిలబడినప్పుడు: మ్యూజియంలో లోపమున్న మట్టిపాత్రను చూసే పద్ధతి

కళా మ్యూజియంలో మట్టిపాత్రలు, పింగాణీ ఉన్న గది చాలామంది సందర్శకులకు ఒక చిత్రశాల నుంచి మరో చిత్రశాలకు వెళ్లే దారి మాత్రమే. ఆ దారిలో అద్దాల బీరువా వెనుక, నున్నటి గిన్నెల నడుమ, ఒకవైపుకు ఒరిగిన జాడీయో, అంచు పెచ్చు లేచిన కప్పో, ఒళ్లంతా నెర్రెలు విచ్చిన పళ్లెమో కనిపించినప్పుడు సాధారణంగా రెండు రకాల స్పందనలు కలుగుతాయి. "ఇంతకంటే మంచిది వీళ్లకు దొరకలేదా" అన్న ఆశ్చర్యం మొదటిది. "లోపంలోనే అందం ఉంది" అన్న సిద్ధవాక్యం రెండోది. ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది ఇదే. నా ఉద్దేశంలో మొదటి స్పందనే నయం. ఆశ్చర్యపడిన మనిషి ఇంకా పాత్రను చూస్తూనే ఉంటాడు. సిద్ధవాక్యం చేతిలో ఉన్నవాడు చూడవలసిన పని అయిపోయిందనుకుని ముందుకు సాగిపోతాడు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతికి రెండు ప్రశ్నలు ఆధారం. ఈ లోపం ఏ దశలో పుట్టింది అన్నది మొదటి ప్రశ్న. అది మిగతా ఆకారంతో కలిసి ఏం చేస్తోంది అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఆధారాలు చాలావరకు పాత్ర మీదే దొరుకుతాయి కాబట్టి దానికి పరిశీలన చాలు. రెండోదానికి అభిరుచి కావాలి. వీటిని ఇదే వరుసలో అడగడం మంచిది. పగులు ఎలా వచ్చిందో తెలియకుండా దాని అందం గురించి మాట్లాడబోతే, చివరికి మనం పాత్ర గురించి కాక మన మనఃస్థితి గురించి మాట్లాడుకుంటూ ఉంటాం.

ముందు దూరం నుంచి

పాత్రకు రెండు మూడు మీటర్ల దూరంలో ఆగి, పక్కనున్న చీటీ చదవకుండా, దాని రూపురేఖను మాత్రమే చూడాలి. చీటీ మీద "జాతీయ సంపద" అనో, ప్రసిద్ధ కుమ్మరి పేరో కనబడిందంటే కన్ను ఆ మాటకు లోబడిపోతుంది, ఆ తర్వాత ఏ వంకర చూసినా గొప్పగానే తోస్తుంది. దూరం నుంచి చూస్తున్నప్పుడు గమనించవలసినవి కొన్నే: పాత్ర బరువు ఎక్కడ ఉన్నట్టు అనిపిస్తోంది, ఎత్తు వెడల్పులలో ఏది ముందుగా కంటికి తగులుతోంది, అడుగు ఆ బరువును మోయగలిగినట్టు ఉందా లేదా.

తర్వాత దగ్గరికి వెళ్లి, పాత్ర అంచు మీ కంటికి సమానంగా వచ్చేదాకా మోకాళ్లు వంచాలి. పై నుంచి చూస్తే గుండ్రంగా కనిపించే నోరు ఈ ఎత్తులో ఒకవైపు కుంగినట్టు, అల ఆడినట్టు కనిపించవచ్చు. బీరువా నాలుగు వైపులా అద్దం ఉంటే చుట్టూ తిరిగి చూడాలి. గోడకు ఆనించిన బీరువా అయితే ఎడమ కొసకూ కుడి కొసకూ జరిగి, రెండు చోట్ల నుంచీ భుజాల వాలును పోల్చుకోవాలి. దీపాల వెలుగు అద్దం మీద పడి అడ్డొస్తుంటే ఒక అడుగు పక్కకు వేస్తే చాలు. పైగా వెలుగు ఏటవాలుగా పడే చోటు నుంచి చూసినప్పుడే ఉపరితలం మీది సొట్టలు, వేలి చాళ్లు, గ్లేజు (గాజులా మెరిసే పై పూత) మీది గుంటలు నీడలతో సహా తేలతాయి. ఫోన్ కెమెరాను ఫ్లాష్ లేకుండా, దగ్గరగా చూపే అద్దంలా వాడుకోవచ్చు, కానీ ఫొటో తీసిన మరుక్షణం కన్ను విశ్రాంతి కోరుకుంటుంది కాబట్టి దాన్ని చివరికి వాయిదా వేయడం మేలు.

వీలైతే బొమ్మ గీయండి. చాలా మ్యూజియంలు గదుల్లోకి పెన్నులను అనుమతించకపోయినా పెన్సిలునూ చిన్న పుస్తకాన్నీ అనుమతిస్తాయి. బొమ్మ బాగా రావలసిన అవసరం లేదు. పాత్ర ఎడమ గీతను గీసి, కుడి గీతను పాత్రను చూస్తూ విడిగా గీయాలి. చెయ్యి అలవాటు కొద్దీ రెండో గీతను మొదటిదానికి ప్రతిబింబంలా గీయబోతుంది. అలా కుదరదని కన్ను అడ్డుపడే చోటే ఆ పాత్రకు ప్రత్యేకమైన చోటు.

లోపానికి వయసు కట్టడం

పాత్రకు లోపం కలగడానికి నాలుగు సందర్భాలు ఉన్నాయి: మట్టి తడిగా ఉన్నప్పుడు, ఆరుతున్నప్పుడు, ఆవంలో కాలుతున్నప్పుడు, ఆవం నుంచి బయటికొచ్చి మనుషుల మధ్య పడ్డాక. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో రకం ఆనవాలు వదిలిపెడతాయి, కొంచెం అలవాటైతే వాటిని విడదీయడం కష్టం కాదు.

తడి మట్టి మెత్తగా వంగుతుంది కాబట్టి ఆ దశలో పుట్టిన లోపాలకు పదును ఉండదు. సారె మీంచి తీసేటప్పుడు నొక్కుకుపోయిన వేలి గుర్తు, అడుగున దారంతో కోసిన చార, మూతి ఒక పక్కకు లాగబడటం, ఇవన్నీ గుండ్రటి అంచులతో ఉంటాయి. ఆరేటప్పుడు వచ్చేవి వేరు. మందంగా ఉన్న భాగమూ పలుచటి భాగమూ ఒకే వేగంతో ఆరకపోవడం వల్ల మట్టి ఒకదాన్నొకటి లాగుకుని చీలుతుంది. గిన్నె అడుగు మధ్యలో పాములా మెలిక తిరిగిన పగులు కనిపిస్తే, ఆ చోట కుమ్మరి మట్టిని తగినంత గట్టిగా ఒత్తలేదని చెప్పవచ్చు.

గ్లేజు ఉన్న పాత్ర మీద పగులు కనిపించినప్పుడు ఒక తేలికైన పరీక్ష ఉంది. పగులు అంచులను నిదానంగా చూడాలి. గ్లేజు అక్కడ గుండ్రంగా తిరిగి, ఒడ్డు దాటి లోపలికి జారినట్టు ఉంటే, గ్లేజు కరిగే నాటికే ఆ పగులు ఉందన్నమాట. అలా కాక అంచు కత్తితో కోసినట్టు పదునుగా ఉంటే, గ్లేజు గట్టిపడిన తర్వాతే పాత్ర విడిపోయింది. అది ఆవం చల్లారుతున్నప్పుడైనా కావచ్చు. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఉన్నట్టుండి కుంచించుకుంటుంది, ఆ సమయంలో చల్లగాలి తగిలితే పాత్ర చీలవచ్చు. లేదా శతాబ్దాల తర్వాత ఎవరి చేతిలోంచో జారినప్పుడైనా కావచ్చు. ఈ ఒక్క పరీక్షతోనే మ్యూజియంలో కనిపించే పగుళ్లలో సగానికి పైగా వాటి కథ అవే చెబుతాయని నా అనుభవం.

ఆవంలో పుట్టే లోపాల జాబితా పెద్దది. గ్లేజు కింది దుమ్ము లేదా జిడ్డు వల్ల అది మట్టిని పట్టుకోలేక బొట్లుబొట్లుగా ముడుచుకుని, మధ్యమధ్య ఒట్టి మట్టిని వదిలేయవచ్చు. కరుగుతున్న గాజులోంచి వాయువు తప్పించుకున్న చోట సూదిమొన లాంటి గుంటలు మిగలవచ్చు. అడుగున ఇసుక రేణువులు అంటుకోవచ్చు. క్రీస్తుపూర్వం 6, 5 శతాబ్దాల ఏథెన్స్ పాత్రల మీద నల్లగా నిగనిగలాడవలసిన చోట ఎర్రటి మచ్చ కనిపించడం అరుదేమీ కాదు. ఆ నలుపు రంగు వేస్తే వచ్చినది కాదు. గాలి ఆడనిచ్చి, తర్వాత ఆపి, మళ్లీ ఆడనిచ్చి మూడు దశల్లో కాల్చినందువల్ల మట్టిపూతలోని ఇనుము నల్లబడగా వచ్చింది. పక్క పాత్ర ఆనుకున్నందువల్లనో, సెగ సమంగా అందనందువల్లనో ఒక చోట ఆ మార్పు సగంలో ఆగితే ఎరుపు మిగిలిపోయింది. ఆ మచ్చను చూస్తున్నామంటే, ఆవంలో ఆ పాత్ర పక్కన ఇంకో పాత్ర ఎక్కడ నిలబడిందో చూస్తున్నామన్న మాట.

ఆవం దాటాక కలిగే దెబ్బలను గుర్తుపట్టడం అన్నిటికన్నా సులువు. పెచ్చు ఊడిన చోట లోపలి మట్టి రంగు బయటపడుతుంది. పాత పెచ్చు మురికి పట్టి, అంచులు అరిగి ఉంటుంది, కొత్తది శుభ్రంగా, పదునుగా ఉంటుంది. తగరం కలిపిన తెల్లటి గ్లేజు వేసిన పాత యూరోపియన్ పాత్రల అంచుల్లో గ్లేజు రాలి ఉండటం ఎంత మామూలంటే, అంచు మరీ చెక్కుచెదరకుండా ఉంటే నిపుణులు అనుమానంగా చూస్తారు.

ఒక జాడీని దగ్గరగా

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కొరియా విభాగంలో ఒక తెల్లటి పింగాణీ జాడీ ఉంది. జోసన్ రాజవంశ కాలంలో, 17, 18 శతాబ్దాలలో, కొరియాలో ఇలాంటివి తయారయ్యాయి. వీటిని చందమామ జాడీలు అంటారు. ఎత్తు సుమారు 47 సెంటీమీటర్లు, వెడల్పూ దాదాపు అంతే. పింగాణీ మట్టికి సాగే గుణం తక్కువ కాబట్టి ఇంత పెద్ద గోళాన్ని సారె మీద ఒకే ముద్దతో లేపబోతే అది తన బరువుకు తానే కూలిపోతుంది. అందుకని కుమ్మరులు రెండు పెద్ద గిన్నెలు చేసి, ఒకదాన్ని బోర్లించి, మూతులు కలిపి అతికేవారు. ఆవంలో సుమారు 1300 డిగ్రీల వేడికి మట్టి మెత్తబడి, పదో వంతుకు పైగా కుంచించుకున్నప్పుడు ఆ రెండు సగాలూ ఒకే తీరుగా కుంగవు.

ఈ సంగతి తెలుసుకుని జాడీని చూస్తే నడుము దగ్గర, సన్నని వెన్నులా, అతుకు ఎత్తు కనిపిస్తుంది. ఆ ఎత్తుకు పైనున్న వంపూ కిందనున్న వంపూ ఒకే వృత్తంలోని భాగాలు కావు. ఒక భుజం నిదానంగా దిగితే ఇంకో భుజం తొందరగా దిగుతుంది. తెలుపు కూడా ఒకే తెలుపు కాదు, అక్కడక్కడ పాలమీగడ రంగు, మరో చోట నీలిచాయ. నిజమైన గోళం చుట్టూ తిరిగితే అన్ని వైపులా ఒకే గీత కనిపిస్తుంది, అంటే తిరిగినందుకు మనకు దక్కేది ఏమీ లేదు. ఈ జాడీ చుట్టూ ఒక్కో అడుగు వేస్తుంటే రూపురేఖ మారుతూనే ఉంటుంది, ఒక చోట నిండుగా, ఒక చోట కాస్త అలసినట్టు. లోపం ఇక్కడ చేస్తున్న పని ఇదీ: ఒక్క చూపుతో అయిపోవలసిన ఆకారాన్ని అది చాలాసేపు అవనివ్వదు. ఆంగ్లేయ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ దీన్ని 1935లో సియోల్‌లో కొన్నాడు. తర్వాత ఇది వియన్నా నుంచి లండన్‌కు వలస వచ్చిన కుమ్మరి లూసీ రీ దగ్గర, ఆమె 1995లో మరణించేదాకా ఉంది. 1999లో మ్యూజియం చేతికి వచ్చింది. గ్లేజులో కావాలనే గుంటలు, పొక్కులు లేచేలా చేసిన రీ ఇంట్లో ఈ తెల్ల జాడీ అన్నేళ్లు ఉండటం యాదృచ్ఛికం అనిపించదు.

ఇలాంటిదే మరో కొరియా జాడీ ఓసాకాలోని ఓరియంటల్ సెరామిక్స్ మ్యూజియంలో ఉంది. 1995లో, నారాలోని తోదైజీ దేవాలయ ఆవరణలో ఉండగా ఒక దొంగ దాన్ని ఎత్తుకుపోబోయి, వెంటబడేసరికి నేలకేసి కొట్టాడు. అది 300కు పైగా పెంకులైంది. ఆ పెంకులను, వాటితో పాటు రాలిన పొడిని కూడా ఏరి మ్యూజియంకు ఇస్తే అక్కడి నిపుణులు మళ్లీ నిలబెట్టారు. దాన్ని చూసేటప్పుడు ఆవం ఇచ్చిన వంకరనూ దొంగ చేసిన గాయాన్నీ కలిపేసుకోకూడదు. మొదటిది ఆ జాడీ రూపం. రెండోది దాని మీద జరిగిన ఘటన.

ఆవానికి వదిలేసినవి

కొన్ని సంప్రదాయాలలో కుమ్మరి లోపాన్ని సహించడంతో ఆగలేదు, ఆవాన్ని పనిలో భాగస్వామిగా చేసుకున్నాడు. జపాన్‌లోని షిగరాకి, ఇగా, బిజెన్ ప్రాంతాల జాడీలను చూసేటప్పుడు వెతకవలసినది నిప్పు ముఖం, అంటే మంటకు ఎదురుగా నిలిచిన వైపు. కట్టెల బూడిద మంటతో ఎగిరి, పాత్ర భుజం మీద వాలి, అక్కడి మట్టితో కలిసి కరిగి ఆకుపచ్చటి గాజుగా కారుతుంది. కారిన ధారలు ఏ వైపు ఎక్కువగా ఉన్నాయో చూస్తే మంట ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. వెనుక వైపు పొడిగా, గోధుమ రంగులో మిగిలిపోయి ఉంటుంది. షిగరాకి మట్టిలోని తెల్లటి రాతి రేణువులు వేడికి పైకి పొంగి ఉపరితలమంతా పొక్కినట్టు చేస్తాయి. బిజెన్ పాత్రల మీద ఎర్రటి చారలు పాత్రలు ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టిన వరిగడ్డి వల్ల ఏర్పడ్డాయి. జాగ్రత్త కోసం చేసిన పని గుర్తులు వదిలింది, ఆ గుర్తులు నచ్చాక గడ్డిని వాటి కోసమే చుట్టడం మొదలైంది.

ఈ దారిలో చివరిదాకా వెళ్లిన పాత్ర టోక్యోలోని గోతో మ్యూజియంలో ఉంది. ఇగా ప్రాంతంలో తయారైన నీళ్ల జాడీ ఇది, "చిరిగిన సంచి" అని దాని పేరు. కింది భాగం బరువుకు కుంగి ఉబ్బింది, ఉబ్బిన చోట మట్టి పెద్ద పెద్ద బీటలుగా నోరు తెరిచింది, పైన బూడిద గ్లేజు కారింది. దీన్ని మొదటిసారి చూసినవారికి నచ్చకపోతే అందులో తప్పేమీ లేదు. కానీ పై భాగం చూడండి: మెడ గట్టిగా, నిటారుగా నిలబడి ఉంది. ఆ బిగువు లేకపోతే కింది కూలుడు ఒట్టి కూలుడుగానే ఉండేది.

చైనా గ్లేజులలో ఇదే విషయం మరీ సున్నితంగా కనిపిస్తుంది. చల్లారేటప్పుడు కింది మట్టి కన్నా పై గ్లేజు ఎక్కువగా కుంచించుకుంటే గ్లేజంతా సన్నని వలలా పగులుతుంది. సాంగ్ రాజుల కాలం నాటి గువాన్, గె పాత్రలలో ఆ వలను లోపంగా దాచలేదు, కొన్నిటిలో పగుళ్లకు రంగు పట్టించారు కూడా. నల్లటి పెద్ద పగుళ్ల మధ్య బంగారు రంగు సన్నపగుళ్లు అల్లుకున్న తీరును చైనా రసికులు ఇనుప తీగ, బంగారు దారం అని వర్ణించారు. జున్ పాత్రల నీలి గ్లేజులో తడిమట్టి మీద వానపాము పాకిన జాడలాంటి గీతలు ఉంటాయి. ఆరేటప్పుడు చీలిన గ్లేజు ఆవంలో కరిగి ఆ చీలికలను పూడ్చుకున్నప్పుడు అవి మిగిలాయి. ఇలాంటి పాత్రల దగ్గర వలలోని గళ్లు ఎక్కడ పెద్దవో, ఎక్కడ చిన్నవో చూసుకుంటూ వెళ్లాలి. వంపు తిరిగే చోట, మందం మారే చోట వల అల్లిక మారుతుంది, అంటే కంటికి కనిపించని గోడ మందాన్ని పగుళ్లే చదివి చెబుతున్నాయి.

అతికినవి

బంగారు గీతలతో అతికిన గిన్నెలకు ఈ రోజుల్లో వచ్చినంత పేరు మరే లోపానికీ రాలేదు. ఆ పేరుకు తగ్గట్టు వాటిని కాస్త ఓపికగా చూడాలి. అతుకు పట్టి ఉంచేది బంగారం కాదు, ఉరుషి అనే చెట్టు పాలతో చేసిన లక్క. అది ఎండకు ఆరేది కాదు, గాలిలోని తేమతో నెమ్మదిగా గట్టిపడుతుంది. చివరి పూత ఇంకా జిగురుగా ఉండగానే మీద బంగారు పొడి చల్లుతారు. కాబట్టి గీతను చూసేటప్పుడు మెరుపుతో ఆగిపోక, అది ఉపరితలానికి ఎంత ఎత్తున ఉంది, వెడల్పు ఒకే తీరుగా ఉందా, పగులు దారినే నడిచిందా, ఊడిపోయిన పెంకు స్థానంలో పెద్ద బంగారు మచ్చగా విస్తరించిందా అన్నవి గమనించాలి. వాషింగ్టన్‌లోని ఫ్రీర్ సేకరణలో ఇలాంటి మరమ్మతులున్న తేనీటి పాత్రలు చాలా ఉన్నాయి, పోల్చి చూడటానికి అది మంచి చోటు.

బంగారం కనిపించిన ప్రతి గిన్నె చేయి జారి పగిలిందేనని అనుకోవడం పొరపాటు. హోనామి కోయెత్సు (1558–1637) చేసిన "సెప్పో" అనే ఎర్రటి తేనీటి గిన్నె, టోక్యోలోని హతకెయామా మ్యూజియంలో ఉన్నది, ఆవంలోనే చీలింది. తెల్లటి గ్లేజు ఎర్రటి ఒంటి మీద మంచులా జారుతుండగా, దాని పక్కనుంచి ఆ చీలికలు బంగారం నింపుకుని దిగుతాయి. అంటే వాడకంలో తగిలిన దెబ్బకు మందు కాదు అది. ఆవం చేసిన పనిని తోసిపుచ్చకుండా రచనలో కలుపుకోవడం.

దీనికి పూర్తిగా వేరైన మరమ్మతు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. "బకోహాన్" అని పిలిచే ఈ గిన్నె 13వ శతాబ్దంలో చైనాలోని లాంగ్‌చువాన్ ఆవాలలో తయారైంది. లేత నీలం కలిసిన ఆకుపచ్చ, పూరేకుల్లా కొద్దిగా నొక్కిన అంచు. దీని యజమాని అయిన జపాన్ పాలకుడు అషికాగా యొషిమాసా, గిన్నె పగిలినందున ఇలాంటిదే మరొకటి కావాలని చైనాకు పంపాడనీ, అంత మంచిది ఇప్పుడు దొరకదని చైనావారు పగులు మీద లోహపు బిగింపులు కొట్టి దీన్నే తిప్పి పంపారనీ చెబుతారు. ఆ బిగింపులు మిడతల్లా కనిపించడంతో గిన్నెకు ఆ పేరు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ బిగింపులు నాకు అందంగా అనిపించవు. ముతకగా, గిన్నెతో సంబంధం లేనట్టు ఉంటాయి. కానీ వాటిని చూసిన కన్ను మళ్లీ గ్లేజు మీదికి వచ్చినప్పుడు, దాని మృదుత్వం ఇందాకటి కన్నా ఎక్కువగా తెలుస్తుంది. మరమ్మతు తాను అందంగా ఉండకుండానే పక్కనున్నదాన్ని అందంగా చూపించగలదు.

మ్యూజియం సంరక్షకులు చేసే మరమ్మతు మూడో రకం. పోయిన భాగాన్ని పూరించి, అసలుకు దగ్గరగా రంగు వేస్తారు, కానీ పూర్తిగా కలిసిపోనివ్వరు. 6 అడుగుల దూరం నుంచి కనిపించకూడదు, 6 అంగుళాల దగ్గర కనిపించాలి అన్నది వారిలో చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం. పూరించిన చోటును పట్టుకోవాలంటే మెరుపులో తేడా వెతకాలి, గ్లేజు మీది సన్నపగుళ్ల వల ఎక్కడ హఠాత్తుగా ఆగిపోయిందో చూడాలి.

కొన్ని రంధ్రాలు మాత్రం అసలు దెబ్బలే కావు. ఇప్పటి న్యూ మెక్సికో ప్రాంతంలో సుమారు 1000 నుంచి 1130 వరకు మింబ్రెస్ ప్రజలు చేసిన చిత్రాల గిన్నెల నడిమధ్యలో తరచు ఒక రంధ్రం ఉంటుంది. గిన్నెను చనిపోయినవారి తల మీద బోర్లించి పూడ్చేముందు ఆ రంధ్రం కొట్టేవారు. అలాంటి గిన్నె ముందు "లోపం ఎంత బాగుందో" అనడం కన్నా, సమాధిలోంచి తీసిన వస్తువును చూస్తున్నామన్న ఎరుకతో ఉండటం సరైనది. కొన్ని మ్యూజియంలు వీటిని ప్రదర్శించడమే మానుకుంటున్నాయి.

ఎవరి దృష్టిలో లోపం

చైనాలోని జింగ్‌దెజెన్‌లో మింగ్ చక్రవర్తుల కోసం పనిచేసిన ఆవాలలో చిన్న మచ్చ ఉన్న పాత్రను కూడా పనికిరానిదిగా ఎంచి, పగలగొట్టి, అక్కడే పూడ్చేవారు. వాటి పెంకులను పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి తీసి అతికితే, ఆనాడు తిరస్కరించిన పాత్రలు ఈనాడు మ్యూజియం బీరువాల్లో నిలబడ్డాయి. జర్మనీలోని మైసెన్ కర్మాగారంలో రెండో రకం సరుకును తమ గుర్తైన కత్తుల జంట మీద అడ్డగీత గీసి అమ్మేవారు. ఈ రెండు చోట్లా లోపానికి కొలత కుమ్మరి కన్ను కాదు, కొనేవాడి హోదా. అమెరికాలోని బిలాక్సీ పట్టణంలో జార్జ్ ఓర్ (1857–1918) దీనికి పూర్తిగా తలకిందులు. సారె మీద కాగితమంత పలుచగా లేపిన గోడలను అతనే నలిపి, మెలిపెట్టి, సొట్టలు పెట్టేవాడు. 1894లో అతని కార్ఖానా తగలబడితే, మాడిపోయిన కుండలను పారేయకుండా తన కాలిన బిడ్డలని దాచుకున్నాడు. ఓర్ పాత్ర ముందు నిలబడి "ఇది లోపమా" అని అడిగితే ప్రశ్నే నిలవదు. అక్కడ అడగవలసింది, ఈ గోడ చెయ్యి తిరిగిన మనిషి నలిపినదా, ఊరికే నలిగినదా అని. గోడ మందం అంచు పొడవునా ఎంత సమంగా ఉందో చూస్తే జవాబు దొరుకుతుంది.

బొటనవేలితో రెండో ప్రశ్న

ఇప్పుడు అభిరుచి వంతు. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, బొటనవేలితో లోపాన్ని కప్పేయండి. పగులో, సొట్టో, మచ్చో లేకుండా మిగిలిన పాత్రను కాసేపు చూడండి. తర్వాత వేలు తీయండి. లోపం కనుమరుగైనప్పుడు పాత్ర చప్పబడిందా, తేలికపడిందా, ఏమీ మారలేదా? చప్పబడితే ఆ లోపం ఆకారంలో ఏదో పని చేస్తోంది: ఎదురుగా ఉన్న వంపుకు బరువు తూచడం, నున్నటి చోటుకు గరుకును జతచేయడం, పాత్రకు ముందువైపు, వెనుకవైపు ఏర్పరచడం లాంటివి. తేలికపడితే, ఆ పెచ్చు కేవలం పెచ్చు, దానితో పాటే పాత్రను ఇష్టపడవచ్చు, దాని వల్ల ఇష్టపడనక్కర్లేదు. ఏమీ మారకపోతే మనం ఇంతసేపూ చూడవలసిన చోటు కాక వేరే చోటు చూశామేమోనని దూరం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ పరీక్షలో ఓడిపోయే ప్రసిద్ధ పాత్రలు కూడా ఉంటాయి, ఫరవాలేదు. చీటీలో ఉన్న పేరుకు తలవంచి నచ్చినట్టు నటించే కన్నా, ఏది ఎందుకు అడ్డు తగిలిందో పుస్తకంలో ఒక వాక్యం రాసుకోవడం ఎక్కువ ఉపయోగం. చీటీని ఇప్పుడు చదవండి. తయారైన చోటు, కాలం, మట్టి రకం, మరమ్మతు వివరాలు మీరు కట్టిన వయసుతో సరిపోయాయో లేదో చూసుకోండి. పగులు గురించి చీటీ ఏమీ చెప్పకపోతే గదిలో ఉన్న సిబ్బందిని అడగవచ్చు. పాత్రలను చేతికిచ్చి చూపించే కార్యక్రమాలు కొన్ని మ్యూజియంలలో ఉంటాయి, వాటి వివరమూ వారే చెబుతారు. బరువు, గరుకుతనం, అడుగు వలయం చేతికి తగిలే తీరు అద్దం వెనుక నుంచి ఎప్పటికీ తెలియవు.

అద్దం వెనుక నుంచి తెలియని మరో భాగం పాత్ర అడుగు. కుమ్మరి చేతి గుర్తులు, గ్లేజు ఆగిన గీత, ఆవంలో పాత్రను నిలబెట్టిన చిన్న మట్టి మొనల మచ్చలు అక్కడే ఉంటాయి. నేటికి మిగిలినవి వందకు లోపే అని చెప్పే రు పాత్రలకు (ఇవీ చైనాలో సాంగ్ కాలం నాటివే) అడుగున నువ్వుగింజలంత మచ్చలు ఉంటాయి, ఆ పాత్రలను గుర్తుపట్టడానికి నిపుణులు చూసే ఆనవాళ్లలో అవి ఒకటి. మ్యూజియం నుంచి వచ్చాక ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీరు చూసిన పాత్ర నమోదు సంఖ్యను వెతకండి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, తన సేకరణలో హక్కుల అడ్డంకి లేని వస్తువుల ఫొటోలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉంచింది. పెద్దవి చేసి చూస్తే గ్లేజు అంచు గుండ్రమో పదునో కూడా తెలిసిపోతుంది. ఫొటోల వరుసలో ఆఖరిదాకా వెళ్లాలి, అడుగు ఫొటోను సాధారణంగా అక్కడే పెడతారు.